రెండు పేపర్లలో ఒకే ఫజల్ అలీ

గద్వాల గ్రంథాలయంలో సాయంత్రం ఐదు దాటిందంటే ఫ్యాను కింది కుర్చీలకు పోటీ. గ్రూప్-2కు చదివే పిల్లలు పది పదిహేనుమంది చేరతారు. ఇంట్లో కాలు నిలవని రిటైర్డ్ సివిక్స్ లెక్చరర్‌ని కాబట్టి వారానికి మూడు రోజులు నేనూ పోతాను. ఫీజు లేదు, అందుకే మధ్యలో ఎవరు లేచిపోయినా అడగను. ఒకరోజు వెనక వరసలో కూర్చునే అమ్మాయి, ఎన్నడూ నోరు విప్పనిది, రెండు గైడ్లు తెరిచి పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. ఒకటి పాలిటీ, రెండోది తెలంగాణ ఉద్యమ చరిత్ర.

"సార్, గోపాలన్ కేసుల ఒక ఫజల్ అలీ ఉన్నడు. రాష్ట్రాల కమిషన్ల ఒక ఫజల్ అలీ ఉన్నడు. ఇద్దరూ ఒకరేనా?"

ఒకరేనమ్మా అన్నాను. అనేసి ఇంటికొచ్చాక సిగ్గేసింది. ముప్ఫై ఏళ్లు ఈ రెండు పాఠాలూ చెప్పాను. జూలైలో ప్రాథమిక హక్కులు, డిసెంబరులో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ. రెండుచోట్లా ఆ పేరు బోర్డు మీద రాశాను, రెండుచోట్లా డస్టరుతో తుడిచాను. ఈ రెండు మాటలూ ఒకే మనిషి నోటి నుంచి వచ్చాయంటే వాటి మధ్య ఏదో పోగు ఉండాలి కదా అని ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. ఈ వ్యాసం ఆ అమ్మాయికి నేను బాకీపడ్డ జవాబు.

అసలు ఆ పేరు నా పుట్టుకతోనే ముడిపడి ఉంది. నేను పుట్టింది 1954 సంక్రాంతి రోజుల్లో, కర్నూలులో, అమ్మ పుట్టింట్లో. అప్పటికి కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానై మూడున్నర నెలలు. నాయినది తుంగభద్రకు అవతలి ఒడ్డున, అలంపూర్ తాలూకాలో చిన్న పల్లె. ఆ తాలూకా హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది, అందులోనూ రాయచూరు జిల్లాలో. మూడో నెలలో అమ్మ నన్ను ఒళ్లో పెట్టుకుని పుట్టి ఎక్కి ఏరు దాటింది. నా మొదటి ప్రయాణమే రాష్ట్రం మారడం. అటు ఒడ్డున 'వస్తాండారు', ఇటు ఒడ్డున 'ఒస్తుండ్రు'. మా ఇంట్లో ఇంకా నిజాం హాలీ సిక్కా నాణేలు డబ్బాలో గలగలమంటుండేవట, కర్నూలు తాత పంపినవి ఇండియా సర్కారు కల్దార్ రూపాయలట. రెండూ డబ్బే, కానీ అంగడికి పోయేముందు ఏ డబ్బు అని అడగాలి.

నేను పుట్టడానికి రెండు మూడు వారాల ముందే, 1953 డిసెంబర్ 29న, రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ కమిషన్‌ను వేశారు. నేను ఏరు దాటిన ఆ మార్చిలోనే కమిషన్ దేశం మీద తిరగడం మొదలుపెట్టింది. దాని అధ్యక్షుడు సయ్యద్ ఫజల్ అలీ. అప్పటికి ఆయనకు అరవై ఏడేళ్లు.

బీహార్ మనిషి. 1886లో పుట్టారు. పాట్నా హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి దాకా వెళ్లారు, తెల్లవాళ్లు సర్ బిరుదు ఇచ్చారు. 1946లో బొంబాయిలో నౌకాదళ సిపాయిలు తిరగబడినప్పుడు విచారణ సంఘానికి ఆయన్నే పెద్దగా పెట్టారు. తిండి బాగాలేదన్న గొడవతో మొదలైన తిరుగుబాటు అది. సిపాయిలను ఎవరో రెచ్చగొట్టారని తేల్చేస్తే పాలకులకు హాయిగా ఉండేది. కానీ ఆ సంఘం బతుకు పరిస్థితులు, జాతి వివక్ష, చాలాకాలంగా పేరుకున్న అసంతృప్తి అసలు కారణాలని రాసింది. 1950 జనవరి 28న సుప్రీంకోర్టు మొదలైనప్పుడు తొలి ఆరుగురు న్యాయమూర్తుల్లో ఆయన ఒకరు. ఉపన్యాసాల మనిషి కాదు. ఆయన విగ్రహం నేనెక్కడా చూడలేదు.

ఇక ఆ అమ్మాయి మొదటి గైడులోని ఫజల్ అలీ సంగతికి వస్తాను. దానికి కొంచెం వెనక నుంచి చెప్పాలి.

మన రాజ్యాంగం 21వ అధికరణ ఒకే ఒక్క వాక్యం. మనిషి ప్రాణాన్ని గానీ స్వేచ్ఛను గానీ చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప తీసుకోరాదని దాని సారాంశం. చదవడానికి నిండుగా ఉంటుంది. మెలిక 'చట్టం నిర్దేశించిన' అన్న మాటలో ఉంది. మొదట అనుకున్న మాట వేరు, అమెరికా వాళ్ల 'డ్యూ ప్రాసెస్'. అంటే పద్ధతి కూడా న్యాయంగా ఉండాలి, ఉందో లేదో కోర్టు చూస్తుంది. రాజ్యాంగ సలహాదారు బి.ఎన్. రావు అమెరికా వెళ్లినప్పుడు అక్కడి సుప్రీంకోర్టు న్యాయమూర్తి ఫ్రాంక్‌ఫర్టర్‌ను కలిశారు. ఆ మాట పెట్టుకోకండి, ప్రజలు ఎన్నుకున్న సభ చేసిన చట్టాలను కొద్దిమంది జడ్జీలు కొట్టేస్తారు అని ఆయన సలహా. ముసాయిదా సంఘం ఆ మాట తీసేసి జపాన్ రాజ్యాంగం నుంచి ఈ మాట తెచ్చింది.

ఇందులో మనవాడూ ఉన్నాడు. నెల్లూరు జిల్లా పూడూరులో పుట్టిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్. డ్యూ ప్రాసెస్ పెడితే సామాజిక సంస్కరణ చట్టాలకు కోర్టుల్లో కాలు అడ్డు పడుతుందని ఆయన వాదన. తీసిపారేయదగ్గ వాదన కాదది. జమీందారీలు రద్దు చేయాల్సిన రోజులు. కె.ఎం. మున్షీ ఎదుటి పక్షం. 1948 డిసెంబర్ 13న అంబేడ్కర్ లేచి, పార్టీ మనుషులతో నిండిన సభ ఏ చట్టమైనా చేయొచ్చు, దాన్ని నమ్మడం కష్టం, ఐదారుగురు జడ్జీలు తమ ఇష్టాయిష్టాలతో మంచి చట్టాన్ని కొట్టేయొచ్చు, వాళ్లను నమ్మడమూ కష్టమే అన్నారు. నిర్ణయం సభకే వదిలేశారు. అంతటి న్యాయకోవిదుడు నాకు తేలడం లేదని నిండు సభలో ఒప్పుకున్న ఘట్టం అది. మా పిల్లలకు ఈ ముక్క చెబితే నమ్మరు. రాజ్యాంగం రాసినవాళ్లకు అన్నీ ముందే తెలుసని వాళ్ల నమ్మకం.

సభ డ్యూ ప్రాసెస్ వద్దంది. మరి పోలీసు పట్టుకుపోయినవాడి గతేమిటన్న గుబులు మాత్రం పోలేదు. 1949 సెప్టెంబరులో అంబేడ్కర్ మరో అధికరణ తెచ్చారు, అదే ఇప్పటి 22. అరెస్టు చేసిన మనిషికి కారణం చెప్పాలి, ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి, వకీలును పెట్టుకోనివ్వాలి. అదే అధికరణలో, ముందు జాగ్రత్తగా నిర్బంధించడానికి ప్రభుత్వానికి దారీ ఉంచారు. మహావీర్ త్యాగికి అది మింగుడుపడలేదు. ముసాయిదా సంఘంలో కూర్చోకముందే అంబేడ్కర్‌కు, ఆయన తోటివాళ్లకు జైలు నిర్బంధం అనుభవమై ఉంటే బాగుండేదన్నారు. ఇకమీదట ఆ అనుభవం కోసం ప్రయత్నిస్తానని అంబేడ్కర్ చమత్కరించారు. త్యాగి వదల్లేదు. తెల్లవాళ్లు మీకు ఆ భాగ్యం కలిగించకపోయినా, మీ చేత్తో మీరు రాస్తున్న ఈ రాజ్యాంగమే మీ జీవితకాలంలో దాన్ని కలిగిస్తుందని భరోసా ఇచ్చారు. జైలు కూడు తిన్నవాడి మాట, దాని రుచే వేరు.

రాజ్యాంగం 1950 జనవరి 26న అమల్లోకి వచ్చింది. నెల తిరిగేలోపే, ఫిబ్రవరి 25న, ప్రివెంటివ్ డిటెన్షన్ చట్టం వచ్చింది. చేసిన నేరానికి కాదు, చేస్తాడేమోనన్న అనుమానానికి లోపల వేసే చట్టం. కేరళ కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ అప్పటికే 1947 డిసెంబర్ నుంచి మద్రాసు రాష్ట్ర జైళ్లలో ఉన్నారు. మార్చి 1న ఆయన చేతిలో కొత్త చట్టం కింద కొత్త కాగితం పెట్టారు. ఆయన సుప్రీంకోర్టుకెక్కారు. ఆయన వైపు ఎం.కె. నంబియార్ వాదించారు. మే 19న ఆరుగురు న్యాయమూర్తులు తీర్పు చెప్పారు.

ఎక్కువమంది చెప్పింది చిన్నమాటలో ఇది. పార్లమెంటు చట్టం చేసింది, అందులో ఒక పద్ధతి రాసింది, ఆ పద్ధతి పాటించారు, మరి 21వ అధికరణకు వచ్చిన లోపమేంటి? ఆ పద్ధతి న్యాయమైనదా కాదా అని మేం తూచలేం. పైగా 19వ అధికరణలోని తిరిగే స్వేచ్ఛ వేరు, 21 వేరు, 22 వేరు, దేని గది దానిదే.

పిల్లలకు నేను టిఫిన్ క్యారియర్ గుర్తుచేస్తాను. పెద్దపక్షం హక్కులను క్యారియర్ గిన్నెల్లా చూసింది. అన్నం గిన్నె అన్నందే, పప్పు గిన్నె పప్పుదే. ఫజల్ అలీ విస్తట్లో కలిపిన పప్పన్నంలా చూశారు. మనిషిని గదిలో వేసి తాళం బిగించాక అతని తిరిగే స్వేచ్ఛకు ఏమీ కాలేదనడం ఎట్లా కుదురుతుందన్నారు. ఇక చట్టం అన్న మాటకు ఆయన చెప్పిన అర్థం చూడండి. పార్లమెంటు అచ్చేసిన కాగితం మాత్రమే చట్టం కాదు. మనిషికి ముందు సంగతి తెలియజేయాలి, అతని మాట వినాలి, వినేవాడు ఏ పక్షమూ కాకూడదు, ఒక క్రమం ప్రకారం జరగాలి. ఈ నాలుగూ ఆ మాట కడుపులోనే ఉన్నాయన్నారు. చట్టంలోని 12వ సెక్షన్ చెల్లదన్నారు. ఆ సెక్షన్ విషయంలో మెహర్‌చంద్ మహాజన్ వేరే కారణంతో ఆయన పక్కన నిలబడ్డారు, నౌకాదళ విచారణలో కలిసి కూర్చున్న మనిషే. నిర్బంధ కారణాలు కోర్టుకు కూడా చెప్పకూడదన్న 14వ సెక్షన్‌ను మాత్రం ఆరుగురూ కొట్టేశారు. గోపాలన్ బయటికి రాలేదు. తర్వాత 1952 ఎన్నికల్లో లోక్‌సభకు గెలిచారు.

ఈ పాఠం నాకు పుస్తకంలో కంటే ముందు ఒక వరండాలో అర్థమైంది. 1975 వర్షాకాలం. నేను హైదరాబాదులో ఎం.ఏ. చదువుతున్నాను. నా గదిలో ఉండే మిత్రుడి అన్న బడిపంతులు, సాయంత్రాలు సంఘం పనులంటూ తిరిగేవాడు. ఎమర్జెన్సీ పెట్టిన మూడో వారంలో తెల్లవారుజామున పట్టుకుపోయారు. వాళ్లమ్మ ఊరి నుంచి సద్ది కట్టుకుని వచ్చింది. నేనూ మిత్రుడూ ఆమె వెంట పోలీసు ఠాణా వరండాకు పోయాం. ఆమె ప్రతి బల్ల దగ్గరా ఒకటే మాట. "మా పిలగాడు ఏం చేసిండు సారూ?" బెయిలు అడగలేదు, విడిచిపెట్టమనలేదు. ఏం చేశాడో చెప్పమంది. మీసాలో వేశామన్నారు, అంతే. మీసా అంటే విచారణ లేకుండా నిర్బంధించే అంతర్గత భద్రతా చట్టమని ఆమెకు తెలియదు. ముఖాన ఉండే మీసాలేనా అని నన్నడిగింది. పదకొండు నెలల తర్వాత అన్న వచ్చాడు, ఇరవై కిలోలు తగ్గి. ఎందుకు పట్టుకున్నారో ఆయనకూ చెప్పలేదు.

ఆయన ఇంకా లోపల ఉండగానే, 1976 ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీలో నిర్బంధితులు కోర్టు తలుపు తట్టలేరని సుప్రీంకోర్టు నలుగురికి ఒకరుగా తేల్చింది. కాదన్న ఒకరు హెచ్.ఆర్. ఖన్నా. పోలీసు పగబట్టి ఒకణ్ణి చంపేసినా దిక్కులేదా అని ఖన్నా అడిగితే, ఎమర్జెన్సీ ఉన్నన్నాళ్లూ లేదని అటార్నీ జనరల్ ఒప్పుకున్నారు. ఆ తీర్పు తర్వాత ఖన్నాకు ప్రధాన న్యాయమూర్తి పదవి దక్కలేదు.

ఫజల్ అలీ మైనారిటీ తీర్పు మాట నిలబడింది 1978 జనవరి 25న, మేనకా గాంధీ పాస్‌పోర్టు కేసులో. పద్ధతి న్యాయంగా, సబబుగా ఉండాలి, హక్కులు విడివిడి గిన్నెలు కావు అని కోర్టు ఒప్పుకుంది. 1970లో బ్యాంకుల జాతీయకరణ కేసులోనే గోపాలన్ తీర్పు సగం కూలింది, మేనకా కేసు దాన్ని పూర్తిగా పడగొట్టింది. 1978లోనే 44వ సవరణ కూడా వచ్చింది. ఎమర్జెన్సీలోనూ 20, 21 అధికరణలు ఆపడానికి వీల్లేదు. ఆ తల్లి వరండాలో అడిగిన ప్రశ్న అడిగే హక్కు రాజ్యాంగంలో గట్టిగా నిలబడటానికి ఇరవై ఎనిమిదేళ్లు పట్టింది.

ఇక్కడ ఆపేస్తే ఫజల్ అలీకి పూలదండ వేయడం తేలిక. ఆ అమ్మాయికీ ఇక్కడిదాకానే చెప్పి ఉంటే ఆయన ఫొటో కావాలని అడిగేది. కానీ గోపాలన్ తీర్పు వచ్చిన వారానికే, 1950 మే 26న, రెండు పత్రికల కేసులు తేలాయి. బొంబాయి నుంచి వచ్చే వామపక్ష వారపత్రిక క్రాస్ రోడ్స్‌ను మద్రాసు ప్రభుత్వం తన రాష్ట్రంలోకి రానివ్వలేదు. ఢిల్లీలో ఆర్గనైజర్ పత్రికను అచ్చుకు ముందే అధికారికి చూపించమన్నారు. ఆ రెండు పత్రికల రాజకీయాలూ ఉప్పూ నిప్పూ, కోర్టులో మాత్రం ఒకే వైపు. పెద్దపక్షం రెండిటినీ కాపాడింది. రెండిటిలోనూ కాదన్నది ఫజల్ అలీ. ప్రజాభద్రతకు ముప్పు అంటే చివరికి రాజ్య భద్రతకు ముప్పే, ప్రభుత్వం ఆ పని చేయొచ్చు అన్నారు. మరుసటి ఏడు మొదటి రాజ్యాంగ సవరణలో శాంతిభద్రతల పేరుతో భావప్రకటనకు హద్దు పెట్టారు. అంటే ఆ మైనారిటీ తీర్పు కూడా ఏడాదికే గెలిచింది. అది గెలవకుండా ఉంటే బాగుండేదని నా అభిప్రాయం.

"అయితే సార్, ఆయన మంచోడా కాదా?" అని అడిగింది ఆ అమ్మాయి. రాజకీయాల్లో భక్తి దిగజారడానికి, చివరికి నియంతృత్వానికి దారి అని 1949 నవంబర్ 25న అంబేడ్కర్ హెచ్చరించిన సంగతి గుర్తుచేశాను. ఆమెకు నా జవాబు నచ్చినట్టు లేదు. గైడులో ఒక వాక్యంలో ఉండాలి కదా.

ఇక రెండో గైడు. కమిషన్‌లో ముగ్గురు: ఫజల్ అలీ, హృదయనాథ్ కుంజ్రూ, కె.ఎం. పణిక్కర్. పొట్టి శ్రీరాములు 58 రోజుల నిరాహారదీక్షతో 1952 డిసెంబర్ 15న ప్రాణం విడిచాక వచ్చిన ఒత్తిడికి పుట్టిన కమిషన్ అది. తెలుగువాడి చావు మీద దేశపటం మళ్లీ గీయడానికి కూర్చున్నారు. లక్షా 52 వేలకు పైగా అర్జీలు వచ్చాయి. వాటిలో ఆలోచించి రాసినవి ఓ 2,000 అని వాళ్లే రాసుకున్నారు, మిగతావి ఏ తీరువో ఊహించుకోవచ్చు. 104 చోట్లకు వెళ్లారు, 38,000 మైళ్లు తిరిగారు, 9,000 మందికి పైగా మనుషులతో మాట్లాడారు. ఎదురుగా కూర్చోబెట్టుకుని, నీ మాటేమిటి అని అడిగారు. కోర్టులో ఏ పద్ధతి న్యాయమన్నారో ఇక్కడా అదే పద్ధతి.

ఇంకో చిన్న సంగతి నాకు చాలా ఇష్టం. బీహార్‌కు బెంగాల్‌తో, ఒరిస్సాతో హద్దు తగాదాలు వచ్చినప్పుడు ఫజల్ అలీ పక్కకు తప్పుకున్నారు. బీహార్‌తో నాది చాలాకాలపు అనుబంధం, ఈ తీర్పులో నేను కూర్చోను అన్నారు. మా నాయిన ఊళ్లో పంచాయతీ పెద్దమనిషి. తన గట్టు తగవు వస్తే తువాలు దులుపుకుని లేచిపోయేవాడు, అది చట్టంలో ఎక్కడుందని ఆయన్ను ఎవరూ అడగలేదు.

1955 సెప్టెంబర్ 30న నివేదిక ఇచ్చారు, 267 పేజీలు. భాష ఒక్కటే రాష్ట్రానికి కొలబద్ద కాదన్నారు. మన జాతీయతకు ఆధారం యూనియన్, రాష్ట్రాలు దాని అవయవాలు, అవయవాలు గట్టిగా ఉండాలి గానీ ఒళ్లు ముందు అన్నారు. అందుకు కొన్ని కట్లు కూడా కట్టారు. ప్రతి రాష్ట్రంలో అఖిల భారత సర్వీసుల్లో కొత్తగా చేరేవాళ్లలో సగం మంది బయటివాళ్లు ఉండాలి, హైకోర్టు న్యాయమూర్తుల్లో మూడోవంతు బయటి రాష్ట్రాలవాళ్లు ఉండాలి.

మన సంగతి 369 నుంచి 389 పేరాల దాకా ఉంది. విశాలాంధ్ర వల్ల లాభాలు కమిషన్ దాచలేదు. కృష్ణా గోదావరి నీళ్లను ఒకచోట కూర్చుని వాడుకోవచ్చు, ఆంధ్రకు రాజధాని బెంగ తీరుతుంది. ఆ బెంగ ఎంతటిదో మా తాతకు తెలుసు. కర్నూలులో సర్కారు ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. గాలిదుమారం వస్తే గుమాస్తాలు ఫైళ్ల మీద రాళ్లు పెట్టేవాళ్లని, ఒకసారి ఒక ఫైలు తమ వీధిలో దొరికిందని ఆయన చెప్పేవాడు. ఇక తెలంగాణ భయాలనూ కమిషన్ తోసెయ్యలేదు. తెలంగాణకు భూమిశిస్తు రాబడి ఎక్కువ, ఆబ్కారీ మీద ఏటా 5 కోట్ల దాకా వచ్చేది, ఆంధ్ర ఖజానాకు ఇబ్బందులు. చదువుల్లో వెనకబడ్డవాళ్లం, కోస్తావాళ్ల ముందు నిలవలేమన్నది ఇంకో భయం. ఇవి నిజమా అబద్ధమా అని తీర్పు చెప్పడం కంటే, ఇవి ఉన్నాయని ఒప్పుకోవడం దగ్గర కమిషన్ ఆగింది. అక్కడే దాని తెలివి ఉందని నాకనిపిస్తుంది.

386వ పేరాలో తీర్మానం. ప్రస్తుతానికి తెలంగాణ విడిగా హైదరాబాద్ రాష్ట్రంగా ఉండాలి. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభ మూడింట రెండొంతుల మెజారిటీతో ఒప్పుకుంటే ఆంధ్రతో కలపాలి. 388లో ఇంకా స్పష్టంగా, అక్కడి ప్రజాభిప్రాయం కలవొద్దనే గట్టిపడితే తెలంగాణ విడి రాష్ట్రంగానే ఉండాలి. గమనించండి, కలపండి అనీ అనలేదు, కలపొద్దు అనీ అనలేదు. గడువు పెట్టి, అడగండి అన్నారు. గోపాలన్ తీర్పులో ఒక్క మనిషికి ఇవ్వమన్న అవకాశాన్ని ఇక్కడ ఒక ప్రాంతానికి ఇవ్వమన్నారు. ఆ అమ్మాయి రెండు గైడ్ల మధ్య పోగు ఇదే.

ఆ గడువుదాకా ఎవరూ ఓపిక పట్టలేదు. 1955 డిసెంబరులో హైదరాబాద్ శాసనసభలో చర్చ జరిగింది. మాట్లాడినవాళ్లలో ఎక్కువమంది విలీనానికే మొగ్గారు, వాళ్లలో మరాఠీ, కన్నడ ప్రాంతాల సభ్యులూ ఉన్నారు. ఇది చెప్పకపోతే చరిత్రకు అన్యాయం. కానీ అది కమిషన్ చెప్పిన ఎన్నికల తర్వాతి సభ కాదు, అడగమన్న ప్రశ్నా కాదు. 1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో రెండు వైపుల పెద్దలు కూర్చుని పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ వచ్చింది. మా అలంపూర్, గద్వాల తాలూకాలు రాయచూరును వదిలి మహబూబ్‌నగర్ జిల్లాలో చేరాయి, మిగిలిన రాయచూరు మైసూరు రాష్ట్రానికి పోయింది. ఆ రోజు అమ్మ సంబరపడిందట, పుట్టిల్లూ మెట్టినిల్లూ ఒక రాష్ట్రమైనందుకు. తాత మాత్రం "మూన్నాళ్లకే గుడారం పీకినారు ల్యా" అని అరుగు మీద కూర్చుండిపోయాడట, కర్నూలు రాజధాని పోయినందుకు. ఇద్దరిదీ న్యాయమే.

1969, 1972, తర్వాతివన్నీ ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. ఒక్కటి మాత్రం చెబుతాను. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ విభజన బిల్లును మూజువాణి ఓటుతో తిప్పికొట్టింది. మూడో అధికరణ ప్రకారం శాసనసభ అభిప్రాయం అడగాలి, అది పాటించాలన్న నియమం లేదు. ఫిబ్రవరిలో పార్లమెంటు ఆమోదించింది, జూన్ 2న తెలంగాణ ఏర్పడింది. అంటే కలిపేటప్పుడు ఇటు ఒడ్డును ఫజల్ అలీ చెప్పినట్టు అడగలేదు, విడదీసేటప్పుడు అటు ఒడ్డు చెప్పింది వినలేదు. తెలంగాణ రావడం సబబేనని నేననుకుంటాను. అయినా మా మేనమామ కొడుకు కర్నూలు నుంచి ఫోన్ చేసి "మమ్మల్ని ఎవరడిగినారు బావా?" అంటే నా దగ్గర జవాబు లేకపోయింది. అదే ప్రశ్న 1956 గురించి మా నాయిన చచ్చేదాకా అడిగాడు. ఇద్దరి మాట ఒకటే, ఏరు మధ్యలో ఉంది గాబట్టి ఒకరిది ఒకరికి వినబడలేదు.

దేశం ఒకటిగా ఉండడం అంటే గట్టిగా పట్టుకోవడం అనుకునేవాళ్లు అన్ని కాలాల్లోనూ ఉంటారు. ఫజల్ అలీ కూడా రాజ్య భద్రత మాట వచ్చినప్పుడు ఆ వైపే మొగ్గారని పత్రికల కేసుల్లో చూశాం. కానీ మనిషిని లోపల వేసేటప్పుడు, ప్రాంతాన్ని కలిపేటప్పుడు, ఆ మనిషినీ ఆ ప్రాంతాన్నీ ముందు అడగమని ఆయన ఐదేళ్ల తేడాలో రెండుసార్లు రాశారు. రెండుసార్లూ అప్పటికి ఆయన మాట చెల్లలేదు. కమిషన్ పని అయ్యాక అస్సాం గవర్నరుగా వెళ్లారు. ఆ పదవిలో ఉండగానే 1959 ఆగస్టు 22న పోయారు. 1978నూ చూడలేదు, 2014నూ చూడలేదు. చివరికి ఆయన పెట్టిన 1961 గడువును కూడా చూడలేదు.

ఆ అమ్మాయి ఇదంతా విని, "ఇది ఏ పేపర్ల రాయాలె సార్?" అంది. రెండిట్లోనూ రాయమన్నాను. కమిషన్ నివేదికను జిరాక్స్ తీయించి మా గ్రంథాలయంలో పెట్టాం, రిజిస్టరులో సంతకం చేస్తే ఇస్తారు. 386వ పేరా ఉన్న పేజీ మూల మడత పెట్టి ఉంది. చదివాక ఆ మడత విప్పకండి.